జారీ శిరస్త్రాణము

వన్యప్రాణులు వ్యాధిని దాచుకొనును. అడవిలో దౌర్బల్యము బయటపడిన ప్రాణి శత్రువునకు ఎర యగును. పంజరములో ఆ భయము లేకున్నను ఆ స్వభావము పోదు. అందుచే రాచపుండు పాలకుని కంటబడునప్పటికే ముదిరియుండుట కద్దు. ఇక మందులందుమా, వాని మోతాదులు మనుష్యులకు, కుక్కలకు నిర్ణయించినవి. అరుదైన పక్షికి ఎంత యీయవలయునో వైద్యుడు ఊహింపవలసినదే.

సింగపూరులోని జురాంగ్ పక్షివనమున 2018లో ఈ చిక్కే యెదురైనది. జారీ యనునది 22 ఏండ్ల మగ హార్న్‌బిల్. మన పడమటి కనుమలలోను, హిమాలయ పాదారణ్యములలోను గూడ నివసించు పెద్ద జాతి యిది. వంగిన పెనుముక్కుపై దీనికి శిరస్త్రాణము వంటి యొక కట్టడముండును. పైకి కొమ్మువలె గట్టి, లోపల డొల్ల. మగపక్షులు ఆకాశమున పోరునప్పుడు వీనితోనే ఢీకొనును. ఆ యేడు జూలైలో జారీ శిరస్త్రాణముపై 8 సెంటీమీటర్ల గంటు కానవచ్చెను. పరీక్షింపగా క్యాన్సరని తేలెను.

పూర్వ మచ్చటనే ఇట్టి రోగము సోకిన యొక హార్న్‌బిల్‌కు మందులతో చికిత్స చేసిరి, అది దక్కలేదు. కావున ఈసారి వైద్యులు కోతకే సాహసించిరి. కాని చెడిన భాగమును తీసివైచినచో లోపలి డొల్ల బయలై మిగులును. దానిని కప్పుట యెట్లు? విశ్వవిద్యాలయపు ఇంజనీర్లతో గూడి, కంప్యూటరులో గీసిన రూపమును పొరపై పొరగా నిలుపు త్రీడీ ముద్రణచే క్రొత్త శిరస్త్రాణమును నిర్మించిరి. ఆకృతి కుదురుటకే దాదాపు రెండు మాసములు పట్టెను. రంపము వంకర పోకుండుటకు దారి చూపు అచ్చును గూడ చేసిరి. సెప్టెంబరు 13న శస్త్రచికిత్స జరిగెను. సందులను దంతవైద్యులు వాడు జిగురుతో పూడ్చిరి.

మరునాడే జారీ యథాప్రకారము ఆహారము తినెను. ఐనను వైద్యులకు వేరొక సందేహ ముండకపోదు: ఈ పరాయి వస్తువును పక్షి తనదిగా నెంచునా? దాని నడుగుట కెవరికి సాధ్యము!

ఈ జాతి పక్షుల ముక్కుమీది పసుపు పుట్టుకతో వచ్చినది గాదు. తోక మొదట నుండు గ్రంథి నుండి పచ్చని తైలము స్రవించును. పక్షి తల వెనుకకు త్రిప్పి శిరస్త్రాణమును దానిపై రుద్దుకొని రంగు పూసికొనును. కొలది దినములలోనే జారీ, మనుష్యులు చేసిపెట్టిన ఆ తెల్లని తొడుగును సైతము అట్లే రుద్దుకొని పసుపు పూయ మొదలిడెను.