మెఫీబోషెతుకు దక్కిన పొలం

రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతును దావీదు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న సంగతి మనకు తెలిసిందే. దానితోపాటే సౌలు పొలమంతా అతనికి తిరిగి ఇప్పించాడు. దున్నడానికి సీబాను, అతని 15 మంది కుమారులను, 20 మంది దాసులను నియమించాడు. ఈ మాట ఎందుకో మన ప్రసంగాల్లో అరుదు.

అరకు కొండల్లోని వికలాంగ యువతకు మనం గుర్తుచేసేది పింఛనే. 2024లో అది నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది, మంచిదే. కానీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అక్కడితో ఆగలేదు. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం వారికి కేటాయించమంది. వృత్తి శిక్షణ, తక్కువ వడ్డీ రుణాలు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత అంది.

రిజర్వేషన్లకు కనీసం 40 శాతం వైకల్యమున్నట్టు ధ్రువపత్రం కావాలి. చెవులు వినపడని గిరిజన కుర్రాడు కొండ దిగి వైద్యుల ముందుకెళ్లాలంటే దారిఖర్చు, ఆ రోజు కూలి, తోడొచ్చినవారి కూలి పోతాయి. కాఫీ గింజలు ఏరడం, మిరియాలు బాగుచేయడం కూర్చునే చేయొచ్చు. నేర్పేవారు, చిన్న పెట్టుబడి ఉండాలి.

ఆదివారం విశ్వాసులను ఆరాధనకు తెచ్చే జీపు, ధ్రువపత్రాల శిబిరం రోజున ఎక్కడుంటోంది?