పాత కారు, పళ్ళ బెల్టు

ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణమును ఛందస్సును చెప్పి విశ్రాంతి పొందిన పండితుడు కారు యంత్రమును గూర్చి ప్రసంగింపబూనుట చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అందులో తప్పు లేదు. ఇనుప సామానుతో మనకేమి పని యని నేనును ఒకప్పుడు తలంచినవాడనే. ఆ తలంపు 2008వ సంవత్సరపు వేసవిలో, దుగ్గిరాల దాటిన పిమ్మట, మధ్యాహ్నము రెండు గంటల యెండలో నన్ను విడిచిపోయినది.

మా యూరు నందివెలుగు, తెనాలికి చేరువ. నాకొక పాత చిన్న కారుండెడిది. దానిని 2001లో మరియొకరి వద్ద కొంటిని. అమ్మినవారు "అన్నియు సరిగా నున్నవి, మాస్టరుగారూ, వేళకు ఆయిలు మార్చుకొనిన చాలును" అనిరి. నేనట్లే మార్చుకొనుచు వచ్చితిని. ఆనాడు మా అక్కగారికి గుండెలో నొప్పిగా నున్నదని విజయవాడకు కొనిపోవుచుంటిని. కారు పెద్ద శబ్దమేమియు చేయలేదు, పొగ రాలేదు. గాలికి దీపమారినట్లు యంత్రము ఆరిపోయినది. తాళపుచెవి త్రిప్పితిని. స్టార్టరు ఎన్నడును లేనంత తేలికగా గిఱ్ఱున తిరిగినది గాని యింజను అందుకొనలేదు. ఆ తేలికతనమే రోగలక్షణమని నాకప్పుడు తెలియదు. నాలుగైదు మారులు త్రిప్పితిని. అక్కగారు కన్నులు మూసికొనియే "ఇంకెంతసేపురా, తమ్ముడూ?" అని యడిగినది. నేనేమి చెప్పుదును?

పసుపు బస్తాలతో పోవుచున్న యొక లారీ ఆగినది. డ్రైవరు దిగివచ్చి, ఆమెను చేతులమీద ఎత్తి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆసుపత్రి వాకిట దింపినాడు. ఆమె బ్రతికినది, ఇప్పటికిని మా యింటి వసారాలో కూర్చుండి నా తప్పులు దిద్దుచున్నది. ఆ డ్రైవరు పేరడుగుట మరచితిని. ఆ వెలితి నాకు నేటికిని కలదు.

కారును తాళ్ళతో కట్టి తెనాలికి లాగించిన తరువాత తెలిసినదేమనగా, తెగినది బెత్తెడు వెడల్పైనను లేని యొక రబ్బరు బెల్టు. దాని వెల ఆనాడు కొన్ని వందల రూపాయలు. అది తెగుటచే లోపల జరిగిన హానిని బాగుచేయించుటకు నా నెల జీతము పూర్తిగా చాలలేదు. వందలలో పోవలసినది వేలలోనికి ఎట్లు పెరిగినదో, అదియే నేను విన్నవింపదలచిన విషయము.

మన డెల్టా రైతులకు ఈ యంత్రమును బోధించుట పట్నవాసులకు బోధించుటకంటె సులభము. ఇంజనులోని సిలిండరును ఒక మడి యనుకొనుడు. దానికి రెండు తూములున్నవి. ఒకటి గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి వచ్చునది, రెండవది కాలిన పొగ వెలికి పోవునది. ఆ తూముల తలుపులనే వాల్వులందురు. మడిలో పిస్టను అను లోహపు దిమ్మ క్రిందికిని మీదికిని ఆడుచుండును. మొదట లోతూము తెరచుకొనును. పిస్టను క్రిందికి దిగుచు గాలిని పీల్చును. పిమ్మట రెండు తూములును మూతపడగా మీదికి లేచి ఆ గాలిని అణచును. నిప్పురవ్వ తగిలి అది మండి పిస్టనును క్రిందికి త్రోయును. కారును నడపు బలము వచ్చునది ఇందుననే. నాలుగవసారి పోతూము తెరచుకొని పొగ పోవును. ఇట్లు నాలుగు పనులు. నాలుగింటికిని పిస్టను రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కును. అనగా అడుగుననున్న ఇరుసు, క్రాంక్‌షాఫ్టు, రెండు చుట్లు తిరుగును.

ఇక తూములకు కాపరి ఎవడు? కాలువకు లస్కరు ఎట్లో ఇంజనుకు క్యాంషాఫ్టు అట్లు. అది మీదనుండు వేరొక ఇరుసు. దానిమీద గ్రుడ్డు ఆకారపు గుబ్బలుండును. ఇరుసు తిరుగుచుండ ఏ గుబ్బ వంతు వచ్చిన ఆ గుబ్బ తన తలుపును నొక్కి తెరచును. గుబ్బ దాటిపోగానే తీగచుట్ట మరల మూయును. నాలుగు పనులకు ప్రతి తూమును ఒక్కసారియే తెరచుకొనవలయును గనుక, క్రింది ఇరుసు రెండు చుట్లు తిరుగునప్పటికి మీది ఇరుసు సరిగా ఒక్క చుట్టే తిరుగవలెను. క్రింది చక్రమునకు ఇరువది పళ్ళున్నచో మీది చక్రమునకు నలువది యుండును. ఈ రెంటిని కలుపునదే మన పళ్ళ బెల్టు. కారు పనివారు దీనిని టైమింగు బెల్టందురు.

బియ్యపు మిల్లులో వెడల్పాటి బెల్టులను మీరు చూచియుందురు. బరువు హెచ్చినప్పుడు అవి చక్రముమీద కొంచెము జారును. జారినను నష్టము లేదు. మర కొంత మెల్లగా తిరుగును, అంతియే. ఇచ్చట జారుట కూడదు. ఒక్క పన్ను జారినచో లస్కరు వేళ తప్పి తలుపు తీసినట్లగును. కారు నడచును గాని బలముండదు, పెట్రోలు హెచ్చుగా త్రాగును, నిలిచియున్నప్పుడు వణకుచుండును. దీనిని నేను యతిభంగమని పిలుచుకొందును: పద్యము సాగుచునే యుండును, చెవికి మాత్రము కష్టముగా నుండును. బెల్టే తెగినచో అది యతిభంగము కాదు. చదువువాని నోట తాటియాకు పొడియైపోవుటయే.

ఏలయనగా తెగిన క్షణమున మీది ఇరుసు నిలిచిపోవును. క్రింది ఇరుసు కారు వేగమునకు ఇంకను తిరుగుచునే యుండును. ఏదో యొక తూము తలుపు సగము తెరచి మడిలోనికి దిగియుండును. కొన్ని యింజనులలో తలుపునకును పిస్టనునకును నడుమ చాలినంత యెడము విడిచియుందురు. అట్టివానిలో బండి నిలిచిపోవుటయే గాని మరి నష్టము లేదు, క్రొత్త బెల్టు వేసిన నడచును. తక్కినవానిలో పిస్టను మీదికి వచ్చి ఆ తలుపును సుత్తితో కొట్టినట్లు కొట్టును. వాల్వు కాడ వంగిపోవును. ఒక్కొక్కప్పుడు పిస్టనే పగులును. నా కారు ఈ రెండవ జాతిది. రోడ్డుమీద నేను త్రిప్పిన నాలుగైదు త్రిప్పులును నాలుగైదు సుత్తి దెబ్బలే కావచ్చును. కావున ఇంజను అకస్మాత్తుగా ఆరి, స్టార్టరు తేలికగా తిరిగినచో, తాళపుచెవిని మరల ముట్టకుడు. బండిని ప్రక్కకు త్రోసి మనుష్యుల సంగతి చూచుకొనుడు.

పూర్వపు కార్లకు ఈ బాధ లేదు. మనమందరము ఎక్కిన అంబాసడరుకును, పద్మినికిని బెల్టుకు బదులు ఇనుప గొలుసు. అది నూనెలో తడియుచు తిరుగును. అరిగినను ముందుగా గలగలలాడి చెప్పును. అట్టి గొలుసు నుండగా రబ్బరు నేల తెచ్చిరి? తేలిక, వెల తక్కువ, చప్పుడు తక్కువ, నూనె యక్కర లేదు, అందుచేత. పళ్ళ బెల్టు మొదట పుట్టినది కారు కొరకు కాదు. 1940ల నాటికి అమెరికాలో కుట్టుమిషనులో సూదియు క్రింది దారపు కండెయు ఒక్క లయలో ఆడుటకై దానిని కల్పించిరి. తెనాలి బజారులో కుట్టుపని చేయువారికి ఆ లయ తప్పిన కుట్టు ఎట్లుండునో తెలియును. 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 కారులో దీనిని పెట్టినది. జనులకు విరివిగా అమ్మిన కార్లలో అదియే మొదటిది. 1966లో ఇటలీవారి ఫియట్ 124 స్పోర్ట్‌లో, మీద రెండు ఇరుసులు గల యింజనును పళ్ళ బెల్టే త్రిప్పినది. మన దేశమున 1983 డిసెంబరులో బయటికి వచ్చిన మారుతి 800తో ఇది పల్లెలకును చేరినది. ఆ కారు తయారీ 2014లో నిలిచినను ఇప్పటికిని మన రోడ్లమీద అవి తిరుగుచున్నవి. కనుకనే ఈ మాటలు.

బెల్టు రబ్బరుతో చేసినదైనను దాని బలము లోపలి గాజు నారలది. ఈ నారలు లాగుటకు మిక్కిలి గట్టివి, మడతకు మిక్కిలి పిరికివి. కావున క్రొత్త బెల్టును వంచి చుట్ట చుట్టి సంచిలో కుక్కరాదు. లోపలి నార విరుగును, పైకేమియు కనబడదు. పాత బెల్టును చూచి "ఇంకను బాగుగనే యున్నది" అనుటలోని మోసము ఇదియే. పగుళ్ళు, పళ్ళ మొదట చీలిక, అంచుల పోగులు కనబడినచో మార్చవలెననుట నిజము. కనబడకున్నచో మంచిదనుట నిజము కాదు.

మరియొక భ్రమ కలదు. కారు ఉదయము కీచుమని యరచినచో టైమింగు బెల్టు పోవుచున్నదని కొందరు భయపడుదురు. ఆ యరచునది సాధారణముగా ఇంజను వెలుపలనుండు ఫ్యాను బెల్టు. అది చవుకది, పోయినను ప్రాణము తీయదు. లోపలిది మూత క్రింద మౌనముగా నుండి మౌనముగానే పోవును. ఇంటిలో పెద్దగా నరచు కోడలిని తిట్టి, మాటాడక క్షీణించుచున్న కోడలిని మరచినట్లుండును మన వ్యవహారము. (ఈ మాట మా అక్కగారు విని నన్ను కోపించినది, అయినను తీసివేయలేదు.)

కావలసినది లెక్క. ప్రతి కారుకును దాని పుస్తకములో బెల్టు గడువు వ్రాసియుండును: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని యేండ్లు, ఏది ముందు వచ్చిన అది. మన జనులు కిలోమీటర్లు చూతురు, ఏండ్లు చూడరు. రబ్బరు నడచినను ముసలిదగును, నడవకున్నను ముసలిదగును. పెండ్లిండ్లకును తిరునాళ్ళకును మాత్రమే బయటికి తీయు కారు పదియేండ్లలో పదివేల కిలోమీటర్లు తిరిగియుండవచ్చును. దాని బెల్టు మాత్రము పదియేండ్ల ముసలిదే. మరల మరల ఒక్కచోటనే వంగియుండుట చేత అచ్చట మరింత గట్టిపడును.

బెల్టునకు పరమశత్రువు నూనె. ఇరుసుల చివరలనుండు నూనె సీళ్ళు కారినచో ఆ చుక్కలు రబ్బరును ఉబ్బించి మెత్తచేయును. అట్టి చోట క్రొత్త బెల్టు వేసి సీలు వేయకున్న, చిల్లి కుండను కడిగి నీరు పోసినట్లే. బెల్టును బిగువుగా నుంచు చిన్న చక్రము, టెన్షనరు, కూడ మార్చవలెను. దాని బేరింగు బిగిసినచో క్రొత్త బెల్టును గంటలో కోసివేయును. చాల కార్లలో నీళ్ళ పంపును త్రిప్పునది కూడ ఈ బెల్టే. పంపు వెల తక్కువ, అంతవరకు విప్పు కూలి ఎక్కువ. విప్పిననాడే దానిని గూడ మార్చుట తెలివి.

అమర్చు విధమును గూర్చి ఒక్క మాట. మీరు చేయనక్కరలేదు, చేయువాని ప్రక్కన నిలుచుండి చూచిన చాలును. రెండు చక్రములమీదను గుర్తులుండును. మొదటి పిస్టను మీది కొసకు వచ్చినప్పుడు ఆ గుర్తులు వాని స్థానములలో నిలువవలెను. బెల్టు వేసి బిగించిన వెంటనే తాళపుచెవి త్రిప్పనీయకుడు. క్రింది ఇరుసును పానాతో, అది సహజముగా తిరుగు దిక్కునకే, చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పించి గుర్తులు మరల చూడుడు. నడుమ ఎచ్చటనైన గట్టిగా తగిలినచో బలవంతము చేయక ఆగుడు. అన్నియు సరిపడినచో తేదీని, కిలోమీటర్లను చిన్న చీటీపై వ్రాసి మూతమీద అంటింపుడు. నాకు కారమ్మినవారు ఆ చీటీ యొకటి చూపియుండినచో!

2019లో అమెరికాలోనున్న మా తమ్ముని కుమారుడు ఫోను చేసి, "పెదనాన్నగారూ, నాకంటె పెద్ద వయస్సు గల కారొకటి కొంటిని" అనెను. జర్మనీవారి పోర్షె 944, 1986 నాటిది. రెండు తలుపుల పరుగుల కారు. నలువదివేల మైళ్ళే తిరిగినదని వాడు మురియుచుండెను. "బెల్టు చీటీ ఉన్నదా?" అని అడిగితిని. లేదు. "అయినచో ఇంటికి నడుపకు, ఎత్తించుకొని పొమ్ము" అంటిని. వాడు పెద్దగా నవ్వెను గాని, మా అక్కగారు నా చేతిలోని ఫోను లాగుకొని ఏమో చెప్పగా ఆ నవ్వు ఆగినది.

ఆ కారునకు బెల్టులు రెండట. ఒకటి మీది ఇరుసును నీళ్ళ పంపును త్రిప్పును. రెండవది ఇంజను అదురును అణచుటకు పెట్టిన రెండు తూకపు ఇరుసులను త్రిప్పును. వానిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పవలెను గనుక దానికి రెండువైపులను పళ్ళు. వాల్వులకును పిస్టనులకును నడుమ యెడము లేని జాతిలోనిదే యది. బిగువును చూచుటకు ప్రత్యేకమైన కొలత పనిముట్టే కలదట. ఆ నాటి కార్లలో క్రొత్త బెల్టు వేసిన కొంతదూరము నడిపిన తరువాత దానిని మరల కొలిచి సరిచేయవలెను. వాడు పుస్తకము ముందు పెట్టుకొని రెండు శనివారములు ఆ పనిమీదనే యుండెను. మూత విప్పగా సీలు కారి బెల్టు ఒక ప్రక్క మెత్తబడియున్నది. మూడు పళ్ళ మొదట వెండ్రుకవాసి చీలికలు.

మరుసటి సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు ఆ పాత బెల్టును పెట్టెలో పెట్టి తెచ్చెను. దానిని మా వసారాలో, పంచాంగము వ్రేలాడు మేకునకే తగిలించితిని. వచ్చినవారు దానిని త్రిప్పి చూచి, చీలికలేవని అడుగుదురు. వ్రేలితో పన్నును వెనుకకు వంచినగాని అవి కనబడవు.