తోకలతో ఈది తోటలను కూల్చే ఫైటోఫ్తొరా!

చూడ్డానికి బూజు. కానీ బూజు కాదు! శిలీంధ్రాల కణగోడలో కైటిన్ ఉంటుంది, ఫైటోఫ్తొరా కణగోడలో సెల్యులోజ్. దీని చుట్టాలు సముద్రంలోని గోధుమరంగు నాచులు. ఆ చుట్టాల్లో జెయింట్ కెల్ప్ 45 మీటర్లు పెరుగుతుంది. అంటే రెండు తాటిచెట్లను ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టినంత!

అంత పెద్ద చుట్టమున్నా ఫైటోఫ్తొరా ఈతబీజం మాత్రం బాగా చిన్నది. సుమారు 10 మైక్రాన్లు. వందను వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు!

చిన్నదే కానీ ఈతలో జోరెక్కువ. రెండు తోకలు ఆడిస్తూ సెకనుకు 100 నుంచి 200 మైక్రాన్లు దూసుకుపోతుంది. తన ఒంటి పొడవుకు 10 నుంచి 20 రెట్లు! ఆ లెక్కన ఆరడుగుల మనిషి సెకనుకు 60 నుంచి 120 అడుగులు ఈదాలి. పైగా గుడ్డి ఈత కాదు. వేళ్ల నుంచి ఊరే చక్కెరలు, అమైనో ఆమ్లాల జాడ పట్టుకుని నేరుగా వేరు కొసకు చేరుతుంది. అక్కడ తోకలు వదిలేసి, గోడ కట్టుకుని, మొలకెత్తి లోపలికి చొరబడుతుంది.

ఈతకు కావలసింది మట్టి రేణువుల మధ్య నిలిచిన నీరు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా గడ్‌చాందూర్ చుట్టుపక్కల పొలాలు చూడండి. సిమెంటు కర్మాగారాలకు రాయినిచ్చే సున్నపురాతి నేల, దాని మీద నల్లరేగడి. వాన పడితే నీటిని పట్టుకుని ఓ పట్టాన వదలని మట్టి! పత్తికి వరమైన ఆ గుణమే పాదులో నీరు నిలిచిన పండ్లచెట్టుకు ముప్పు.

గడ్‌చాందూర్ ఉన్న విదర్భలో ఫైటోఫ్తొరాకు అన్నిటికంటే పేరున్న బలి నాగపూర్ సంత్రా. 2014లో భౌగోళిక గుర్తింపు పొందిన పండు! కాండం అడుగున బెరడు చీలి బంక కారుతుంది. మరాఠీ రైతులకు అది డింక్యా, తెలుగు రైతులకు బంక తెగులు. కింద పిల్లవేళ్లు కుళ్లిపోతాయి, పైన ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. బంక కనబడే వేళకు కింద సగం పని అయిపోయి ఉంటుంది. రైతును దెబ్బతీసేది ఆ ఆలస్యమే. జంబేరి వేరుమూలం దీనికి సులువుగా లొంగుతుంది, రంగపూర్ నిమ్మ కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. 1985 నుంచి నాగపూర్‌లో నిమ్మజాతికే ప్రత్యేకించిన జాతీయ పరిశోధనా సంస్థ పనిచేస్తోంది.

గడ్‌చాందూర్ వైపు వాన నీరు పెన్‌గంగ, వార్ధా, ప్రాణహితల మీదుగా గోదావరిలో కలుస్తుంది. ఆ నది చివర, డెల్టాలోనే, తెలుగు నేలకు దక్కిన విషాద కథ ఉంది! గోదావరి జిల్లా తాటిచెట్లను చంపుతున్న మొవ్వుకుళ్లును పరిశోధించిన శాస్త్రవేత్త ఎడ్విన్ జాన్ బట్లర్ 1907లో కారకానికి పితియం పామివోరం అని పేరు పెట్టాడు. 1919లో అదే ఫైటోఫ్తొరా పామివోరాగా మారింది. తాటికి, కొబ్బరికి ఒక్కటే మొవ్వు. అది కుళ్లిందా, ఎంత ఎత్తున్నా చెట్టు పోయినట్టే! రోగపు తలలు నరికి తగలబెట్టించేందుకు నాటి మద్రాసు ప్రభుత్వం పెద్ద ఉద్యమమే నడిపింది. తాడినే నమ్ముకున్న గీత కుటుంబాలకు అది చెట్ల లెక్క కాదు, బతుకు లెక్క. అదే జీవి నేడు ఉష్ణదేశాలన్నిటా ఉంది. కోనసీమ కొబ్బరి నీడలోని కోకో కాయనూ నల్లగా కుళ్లబెడుతుంది. ఫైటోఫ్తొరా జాతులన్నీ కలిసి ఏటా ప్రపంచ కోకో పంటలో 20 నుంచి 30 శాతం మింగేస్తాయని అంచనా.

ఈ జాతుల్లో ఆకలిలో చక్రవర్తి ఫైటోఫ్తొరా సిన్నమోమి! 1922లో సుమత్రా దాల్చినచెట్ల మీద గుర్తించారు. ఇప్పుడు దాని మెనూలో దాదాపు 5,000 మొక్కల జాతులు. పశ్చిమ ఆస్ట్రేలియా జర్రా అడవుల్లో చెట్లు చస్తున్నాయని 1920లలోనే గమనించారు. హంతకి ఇదేనని తేలింది 1960లలో. నలభై ఏళ్లు దొరకని దొంగ!

కొత్త హంతకి ఫైటోఫ్తొరా రామోరం. పేరు పెట్టింది 2001లో. కాలిఫోర్నియా, ఓరెగాన్ తీరాల్లో ఓక్, టాన్‌ఓక్ చెట్లను లక్షల్లో కూల్చింది.

మహావృక్షానికి అతిదగ్గరి ముప్పు న్యూజిలాండ్‌లో! టానె మహూటా అనే కౌరీ చెట్టు ఎత్తు 51 మీటర్లు, చుట్టుకొలత 13 మీటర్లకు పైనే. 2018లో ఫైటోఫ్తొరా తెగులు సోకిన చెట్టు దానికి 60 మీటర్ల దూరంలోనే బయటపడింది. చెప్పులకంటిన మట్టితోనూ వ్యాపిస్తుంది కాబట్టి అక్కడ అడవిలోకి వెళ్లేవారు పాదరక్షలు శుభ్రం చేసుకోవాలి.

జన్యుపటంలో పెద్దన్నల్లో ఒకటి బంగాళదుంప మాడు తెగులు తెచ్చే ఫైటోఫ్తొరా ఇన్‌ఫెస్టాన్స్. 2009లో చదివిన దాని జన్యుపటం 24 కోట్ల అక్షరాలు. రామోరానిది 6.5 కోట్లే! 1845లో ఐర్లండ్‌లో మొదలైన కరువులో సుమారు 10 లక్షల మంది ప్రాణాలు పోవడానికి మూలం ఈ ఇన్‌ఫెస్టాన్సే.

ఇక మందుల్లో వృద్ధ వీరుడు బోర్డో మిశ్రమం. 1885లో ఫ్రాన్స్‌లో ద్రాక్ష బూజు తెగులు మీద వెలుగులోకి వచ్చింది. ఆ తెగులూ ఈ వంశానిదే! సంత్రా, బత్తాయి కాండానికి పూసే పేస్టు లెక్క నేటికీ సులువే: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పూయాలి. అంటు కట్టు నేలకు జానెడు పైన ఉండాలి, పాదులో నీరు కాండాన్ని తాకకూడదు.