పోలిక లేని పెంపకం

బంగారుపాళ్యం మామిడి విపణిలో కాయలను రకాన్ని, పరిమాణాన్ని బట్టి వేరుచేసి వెలకడతారు. పిల్లలను మాత్రం ఒకరితో ఒకరిని పోల్చి తూచరాదని రాయలసీమకే చెందిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బోధించారు. ఆయన 1895లో మదనపల్లెలో జన్మించారు. పదేళ్ల ప్రాయంలోనే తల్లి సంజీవమ్మను కోల్పోయారు.

విద్యను, తల్లిదండ్రుల బాధ్యతను చర్చించిన ఆయన ఆంగ్లగ్రంథం ‘ఎడ్యుకేషన్ అండ్ ది సిగ్నిఫికెన్స్ ఆఫ్ లైఫ్’ 1953లో వెలువడింది. పోలిక వలన భయం పుడుతుందని, భయపడే మనస్సు నేర్వజాలదని ఆయన భావన. వినడానికిది సులభమే, మార్కుల పట్టిక చేతికందిన తండ్రికి ఆచరణలో ఎంత కష్టమో! అందుకే బిడ్డకంటె ముందు పెద్దలు తమ మనస్సునే పరిశీలించుకోవాలన్నారు. ఆయన దృష్టిలో ప్రశాంతత బలవంతాన తెచ్చిపెట్టుకొనేది కాదు. తన కోపాన్ని, ఆశను ఉన్నవి ఉన్నట్లుగా గమనించేవానికి అది తనంత తానుగా కలుగుతుంది.

1978 నుండి తన విద్యాలయాలకు పక్షానికొకటి చొప్పున వ్రాసిన లేఖలలోనూ ఆయన ఈ చర్చను కొనసాగించారు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల వాటిలో ఒకటి.