రెక్క చివర బొంగరం

మొన్న ఇంటర్ పిల్లలకు కోణీయ ద్రవ్యవేగం చెబుతూ పాత సైకిలు చక్రం ఒకటి క్లాసుకు పట్టుకెళ్లాను. ఒక కుర్రాడికి ఇరుసు రెండు చివరలూ పట్టించి, చక్రాన్ని గట్టిగా తిప్పి, పక్కకు వంచమన్నాను. అది వంచిన వైపు పోకుండా అడ్డంగా మెలితిరిగింది. "దీంతో ఏం పని జరుగుతుంది సార్?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు నాకెంతో ఇష్టమైన జవాబు ఒకటుంది: సైడ్‌వైండర్ క్షిపణి.

జెట్ విమానం వెనక గొట్టం వేడిని పసిగట్టి వెంటపడుతుందది. వేడిని బట్టి ఎరను పట్టే ఎడారి పాము పేరే దానికి పెట్టారు. కాలిఫోర్నియా ఎడారిలో, చైనా లేక్ నౌకాదళ ప్రయోగ కేంద్రంలో విలియం మెక్లీన్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని మొదలుపెట్టినప్పుడు పైవాళ్ల ఉత్తర్వులు లేవు, దానికంటూ నిధులూ లేవు. అందుకేనేమో, తక్కువ సామానుతో ఎక్కువ పని చేయించాడు.

సన్నటి గొట్టంలాంటి క్షిపణి గాలిలో దూసుకుపోతుంటే తన చుట్టూ తాను దొర్లుతుంది. మరీ వేగంగా దొర్లితే దాన్ని గురివైపు మళ్లించడం కష్టం. లోపల ఒక గైరోస్కోపు, మోటారు, దానికో విద్యుత్ వలయం పెట్టి ఆపవచ్చు. మెక్లీన్ బృందం అవేవీ పెట్టలేదు. వెనక రెక్కలు నాలుగింటికీ చివరి మూలలో తలుపులా ఊగే రేకు బిగించి, అందులో పళ్లున్న చిన్న లోహపు చక్రాన్ని పొదిగింది. చక్రం అంచు గాలిలోకి పొడుచుకుని ఉంటుంది. ఎదురుగాలే ఆ పళ్లను నెట్టి దాన్ని నిమిషానికి వేల చుట్లు తిప్పుతుంది.

ఇప్పుడు క్షిపణి దొర్లబోయిందనుకోండి. దాంతోపాటే చక్రం ఇరుసు వాలుతుంది. మన సైకిలు చక్రంలాగే ఇదీ అడ్డంగా మెలితిరుగుతుంది. ఆ మెలికకు రేకు గాలిలోకి తెరుచుకుని దొర్లుడుకు ఎదురు తోస్తుంది. ఎంత వేగంగా దొర్లితే అంత ఎక్కువ తెరుచుకుంటుంది. తీగ లేదు, బ్యాటరీ లేదు. ఇంత అందమైన యంత్రభాగాన్ని నేను మరొకటి చూడలేదు.

ముక్కులో ఇంకో బొంగరం ఉంది. వేడిని పోగుచేసి లెడ్ సల్ఫైడ్ ముక్క మీద పడేసే అద్దమే గిర్రున తిరుగుతూ గైరోస్కోపుగానూ పనిచేస్తుంది. గురి పక్కకు జరిగితే, చుట్టూ ఉన్న తీగచుట్టలో కరెంటు పంపి అద్దాన్ని అటు మళ్లించాలి. గురి ఎంత వేగంగా జరిగితే అంత కరెంటు. ఆ కరెంటే దారి మళ్లించే రెక్కలకు ఆజ్ఞ కూడా! అడ్డరోడ్డు మీంచి వచ్చే బస్సు మనకు ఒకే దిక్కున నిలిచి పెద్దదవుతూ కనిపిస్తే గుద్దుకోవడం ఖాయమని బండి నడిపే ఎవరికైనా తెలుసు. మనం బ్రేకు వేస్తాం. క్షిపణి మాత్రం గురి అలాగే కనిపించేలా తన దారి దిద్దుకుంటూ పోతుంది.

అమెరికా వైమానిక దళం వాళ్లది ఫాల్కన్ అనే పోటీ క్షిపణి. ఇంకా సంక్లిష్టం, ఇంకా సున్నితం. వియత్నాం యుద్ధంలో దాంతో విసిగిపోయిన ఆ దళ కమాండర్ రాబిన్ ఓల్డ్స్ తన ఫాంటమ్ విమానాలకు ఫాల్కన్‌లు తీయించి సైడ్‌వైండర్లు కట్టించాడు. ఇదీ లోపం లేనిదేం కాదు. తొలి నమూనా వెనకనుంచే కాల్చాలి, సూర్యుడు ఎదురైతే అటే మళ్లేది.

1958 సెప్టెంబరులో తైవాన్ జలసంధి మీద పోరులో ఒక సైడ్‌వైండర్ పేలకుండా చైనా మిగ్-17లో గుచ్చుకుపోయింది. అది సోవియట్ ఇంజనీర్ల చేతికి చేరి, కె-13 పుట్టింది. అలా 1971 యుద్ధంలో మన మిగ్-21ల కింద కె-13లు, పాకిస్తాన్ విమానాల కింద సైడ్‌వైండర్లు. రెండు వైపులా మెక్లీన్ ఆలోచనే!

తర్వాత ఏ దిక్కునుంచైనా కాల్చగలిగే రకాలొచ్చాయి. చాపరల్ పేరుతో నేలమీది బండెక్కి గగనతల రక్షణకూ దిగింది. ఇప్పటి సైడ్‌వైండర్ రకమైన ఏఐఎం-9ఎక్స్‌లో దొర్లుడు సంగతి కంప్యూటరే చూసుకుంటుంది, రెక్కల చివర చక్రాలు తీసేశారు. పాత సైడ్‌వైండర్ ఫొటో ఎక్కడ కనబడినా నా చూపు ముందు ఆ మూలలకే పోతుంది. ఆ కుర్రాడికీ ఒకటి చూపించాను. వేలు పెట్టి నాలుగూ లెక్కపెట్టాడు.