ఇంటి కార్ఖానాలో ఆవిరి యంత్రం

పూర్వం మన రచయితలు రైలుబండికి ధూమశకటమని పేరు పెట్టారు. పేరు అందంగానే ఉన్నది కాని, తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు అందులో ఒక లోపం కనిపిస్తుంది. బండిని లాగేది ధూమం కాదు, ఆవిరి. పొగ అందరికీ కనిపిస్తుంది గనుక పేరు దానికి దక్కింది. ఆవిరి కంటికి కనిపించదు. మరుగుతున్న కెటిలు ముక్కును శ్రద్ధగా గమనించండి. ముక్కు చివరను ఆనుకొని, ఏమీ లేనట్లు కనిపించే కొద్దిపాటి చోటే అసలైన ఆవిరి. దాని పైన తెల్లగా కనిపించేది చల్లగాలి తగిలి తిరిగి నీరైపోయిన తుంపర. ఈ చిన్న భేదం మనసులో పెట్టుకుంటే ఈ వ్యాసంలోని విషయం చాలావరకు సులభమవుతుంది.

ఇంటి పెరట్లో ఒక గదిలో, స్వంత చేతులతో, నిజంగా ఆవిరితో నడిచే చిన్న యంత్రాలను నిర్మించడం బ్రిటనులో నూరేళ్లకు పైబడి వర్ధిల్లుతున్న ఒక విద్య. పెర్సివల్ మార్షల్ అనే సంపాదకుడు 1898లో ‘మోడల్ ఇంజనీర్’ అనే పత్రికను వీరి కోసమే ప్రారంభించాడు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వైద్యులు, రైల్వే పనివారు సాయంకాలాలలో కూర్చొని, ఆ పత్రిక ప్రకటించిన పటాలను అనుసరించి యంత్రాలు తయారు చేసేవారు. ఇవి ఆటబొమ్మలు కావు. బొమ్మ చూడటానికి యంత్రంలా ఉంటే చాలు. ఇవి యంత్రంలా పని చేయాలి. ఆ ఒక్క నిబంధన వల్లనే ఈ విద్య ఇంత కష్టమూ, ఇంత రసవంతమూ అయింది.

కష్టం ఎక్కడ ఉన్నదో మొదట గ్రహించిన మహనీయుడు జేమ్స్ వాట్. కెటిలు మూత ఎగిరిపడటం చూసి వాట్ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టాడన్న కథ మనమందరం చిన్న తరగతులలో చదివాము. అసలు జరిగినది అంతకంటె ఆసక్తికరమైనది. వాట్ పుట్టకముందే గనులలో నీరు తోడటానికి న్యూకామెన్ యంత్రాలు పని చేస్తూ ఉన్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పటానికి అటువంటి యంత్రం నమూనా ఒకటి ఉండేది. దాని సిలిండరు వ్యాసం 2 అంగుళాలు, పిస్టను నడక 6 అంగుళాలు. అది సరిగా నడవకపోవడంతో 1763-64 శీతకాలంలో మరమ్మతుకై విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే వాట్ చేతికి ఇచ్చారు. అతడు భాగాలన్నీ సరిచేసి నిప్పు పెట్టాడు. యంత్రం కొన్ని మార్లు ఊగి ఆగిపోయింది. బాయిలరులో ఆవిరి అయిపోయింది! పెద్ద యంత్రాలు పగలూ రాత్రీ నడుస్తుంటే, అదే పద్ధతిలో చేసిన చిన్నది ఎందుకు నడవదు?

న్యూకామెన్ యంత్రంలో సిలిండరును ఆవిరితో నింపి, లోపలికి చన్నీళ్లు చిమ్మి, ఆ ఆవిరిని నీరుగా మారుస్తారు. అప్పుడు ఏర్పడే శూన్యంలోకి బయటి గాలి పిస్టనును నెడుతుంది. అంటే ప్రతి ఊపుకూ సిలిండరు గోడలు చల్లారి, మళ్లీ వేడెక్కాలి. చిన్న సిలిండరులో పట్టే ఆవిరితో పోలిస్తే, ఆ ఆవిరిని తాకే గోడ వైశాల్యం చాలా ఎక్కువ. వచ్చిన ఆవిరిలో పెద్ద భాగం పని చేయకముందే గోడలను వేడిచేయటానికి ఖర్చయిపోతున్నది. అదే నష్టం పెద్ద యంత్రంలోనూ ఉన్నది. అక్కడ అది బొగ్గు ఖర్చులో దాగి ఉంది, ఇక్కడ బయటపడింది. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చి, సిలిండరును ఎప్పుడూ వేడిగా ఉంచాలన్న ఆలోచన వాట్‌కు 1765లో కలిగింది. 1769లో పేటెంటు లభించింది. చెడిపోయిందని పంపిన నమూనా చెడిపోలేదు. అది నిజం చెప్పింది.

ఈ నిజాన్ని గణితంలో పెట్టి చూద్దాము. ఒక యంత్రాన్ని అడుగుకు అంగుళం చొప్పున, అంటే పన్నెండోవంతుకు కుదించామనుకోండి. పొడవులు 12 రెట్లు తగ్గుతాయి. వైశాల్యాలు 144 రెట్లు, ఘనపరిమాణాలు 1728 రెట్లు తగ్గుతాయి. పది టన్నుల యంత్రం ఆరు కిలోల లోపుకు దిగుతుంది. ఆవిరి 1728వ వంతుకు తగ్గగా, ఆ వేడిని బయటకు జార్చే గోడ 144వ వంతుకు మాత్రమే తగ్గింది. కనుక పెద్ద యంత్రంలో కంటె ప్రతి చుక్క ఆవిరికీ పన్నెండు రెట్ల గోడ ఎదురవుతుంది. ఇనుమును కుదించవచ్చు, ఆవిరి స్వభావాన్ని కుదించలేము.

ఇది ఒక్క ఆవిరితో తీరే చిక్కు కాదు. పెద్ద బాయిలరులో నిప్పుసెగ వందకు పైగా గొట్టాల గుండా సాగిపోతుంది. అన్ని గొట్టాలనూ పన్నెండోవంతుకు కుదిస్తే సన్నపు కాడలై బూడిదతో పూడిపోతాయి. అందువల్ల చిన్న బాయిలరులో కొద్ది గొట్టాలనే, నిష్పత్తికి మించిన లావుతో అమర్చుతారు. అర అంగుళం మందం గల ఉక్కు రేకు పన్నెండోవంతుకు సుమారు ఒక మిల్లీమీటరు అవుతుంది. తుప్పు అర మిల్లీమీటరు తిన్నదంటే పెద్ద బాయిలరుకు అది లెక్కలోనికి రాదు, చిన్నదానికి సగం ప్రాణం పోయినట్లే. కాబట్టి వీరు చిన్న బాయిలర్లను ఎక్కువగా రాగితో చేస్తారు. నీటి మట్టం చూపే గాజు గొట్టం మరీ సన్ననైతే నీరు గాజుకు అంటుకొని తప్పు మట్టం చూపుతుంది. దానిని కూడా ఉండవలసిన దానికంటె లావుగా పెట్టక తప్పదు. అచ్చం అసలులాగే ఉండాలని పట్టుబట్టేవారి యంత్రాలు గాజు అలమారలలో నిలిచి ఉంటాయి. నడవాలని కోరేవారు ఎక్కడ అసలును వదలాలో తెలుసుకుంటారు. నా అభిమానం ఈ రెండవ వర్గం మీదనే.

ఆ వర్గానికి నాయకుడు ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో వ్రాసిన కర్లీ లారెన్స్. ఆ అక్షరాలు లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పేరులోనివి. 1920వ దశకం నాటికి చిన్న రైలింజన్లకు స్పిరిటు దీపాలు చాలునని, బొగ్గుతో మండే అసలు తరహా బాయిలరు అంత చిన్నదానిలో సాగదని పెద్దలు పలువురు నమ్మేవారు. లారెన్స్ రెండున్నర అంగుళాల వెడల్పు పట్టాల మీద నడిచే ఇంజనును బొగ్గుతో నడిపి, దాని వెనుక పెద్ద మనుషులను కూర్చోబెట్టి లాగించి చూపాడు. ఆ ఇంజను పేరు ఆయేషా! పత్రికలో నడిచిన ఆ వాదాన్ని ‘బాయిలర్ల యుద్ధం’ అని నేటికీ చెప్పుకుంటారు. వాదంలో గెలిచినది తర్కం కాదు, లాగిన బరువు.

రైలింజన్లకు పట్టాలు పరచాలి. పట్టాలు లేకుండా నేల మీద నడిచేది ట్రాక్షన్ ఇంజను. దీని వంశక్రమం మన పెద్దవారికి తెలియకుండానే తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు మన రోడ్ల మీద కంకరను అణచిన ఆవిరి రోలరు దీని తోబుట్టువే. ముందుభాగాన ముందుకాళ్లెత్తిన గుర్రం గుర్తు గల రోలర్లు ఇంగ్లాండులో రోచెస్టరు పట్టణపు ఏవెలింగ్ అండ్ పోర్టర్ సంస్థవి. ఆ సంస్థకు మూలపురుషుడు థామస్ ఏవెలింగ్. నూర్పిడి యంత్రాలను తిప్పే ఆవిరి ఇంజన్లను అప్పట్లో ఒక పొలం నుండి మరొక పొలానికి గుర్రాలు లాగేవి. అంత శక్తి గల యంత్రాన్ని గుర్రాల చేత లాగించడమేమిటని ఏవెలింగ్ 1859లో ఒక ఇంజనుకు గొలుసు తగిలించి దాని చక్రాలను అదే తిప్పుకొనేట్లు చేశాడు. చట్టం మాత్రం అంత వేగంగా నడవలేదు. 1865 నాటి శాసనం ఇటువంటి బండ్లకు పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణాలలో 2 మైళ్లు హద్దు పెట్టి, ఎర్రజెండా పట్టుకొన్న మనిషి ముందు నడవాలని విధించింది.

భారతదేశంతో దీనికి మరొక బంధమున్నది. ఆర్.ఇ.బి. క్రాంప్టన్ హారో పాఠశాలలో చదువుతున్న రోజులలోనే, సెలవులకు ఇంటికి వచ్చినపుడు తన కార్ఖానాలో ఆవిరితో నడిచే రోడ్డు బండిని నిర్మించబూనాడు. దానికి బ్లూబెల్ అని పేరు పెట్టుకున్నాడు. తరువాత సైనికోద్యోగిగా మన దేశానికి వచ్చి, 1870వ దశకంలో రావల్పిండి ప్రాంతపు గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ప్రభుత్వం తరఫున ఆవిరి బండ్లు నడిపించాడు. స్వదేశానికి మరలిపోయి విద్యుత్ పరిశ్రమలో అగ్రగణ్యుడయ్యాడు. మన ఇళ్లలో తిరిగే పంఖాల మీద కనిపించే క్రాంప్టన్ అన్న పేరు ఆయనదే.

ఇక నిర్మాణానికి వద్దాము. మొదటిసారి చేయిపెట్టేవారు ట్రాక్షన్ ఇంజనుతో ఆరంభించరు. హెన్లీ పట్టణపు స్టూవర్ట్ టర్నర్ సంస్థ పేరుతో ప్రసిద్ధికెక్కిన ‘టెన్ వీ’ అనే చిన్న నిలువు ఇంజను ఇందుకు తగినది. సిలిండరు వ్యాసమూ, పిస్టను నడకా రెండూ ముప్పాతిక అంగుళమే. కొనేవారికి చేతికి వచ్చేది ఇంజను కాదు, గరుకుగా ఉన్న కొన్ని పోత ముక్కలూ ఒక పటమూను. మిగిలినదంతా లేతు మీద జరగాలి. లేతును ఉర్దూలో ఖరాద్ అంటారు. తెలుగులో దీనికి తరిమెన అనే చక్కని పాత మాట ఉన్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలు తిరిగేది తరిమెన మీదనే. అక్కడ కర్ర, ఇక్కడ ఇనుము, సూత్రం ఒక్కటే.

పనిలో సున్నితమైన ఘట్టాలు రెండు. మొదటిది సిలిండరు రంధ్రం. అది గుండ్రంగా, మొదలు నుండి చివర వరకు ఒకే వ్యాసంతో, అడుగుభాగానికి ఖచ్చితంగా లంబంగా ఉండాలి. వెంట్రుక మందం తేడా వచ్చినా పిస్టను ఒకచోట బిగిసి, మరొకచోట ఆవిరిని జార్చుతుంది. రెండవది కవాటం అమరిక. పిస్టనుకు ఒకసారి పైనుండి, ఒకసారి క్రిందినుండి ఆవిరిని పంపేది ఒక జారుడు కవాటం. దానిని నడిపే ఎక్సెంట్రిక్ క్రాంకుకు 90 డిగ్రీలకు మరికొంత ముందుండాలి. ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పుతూ, పై ద్వారమూ క్రింది ద్వారమూ సమానంగా తెరుచుకుంటున్నాయో లేదో కంటితో చూసి సరిచేస్తారు. పాఠ్యపుస్తకంలో రేఖాచిత్రంగా బట్టీపట్టిన కవాటం ఇక్కడ వేలికి తగులుతుంది.

ఇక్కడ కొద్దిగా దారి తప్పి ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన పట్టణాలలో ఉస్తాద్ వద్ద లేతు పని నేర్చే కుర్రవానికి వెయ్యోవంతు అంగుళం వేలికొసలో తెలుసు, గుప్తోష్ణం అన్న మాట తెలియదు. మన తరగతిలో గుప్తోష్ణానికి నిర్వచనం వ్రాసి మార్కులు తెచ్చుకొనే విద్యార్థి లేతు దగ్గర ఎన్నడూ నిలబడలేదు. ఒక్కొక్కసారి వీరిద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములు. వాట్ ఉన్నచోట పరికరాలు చేసే గదీ, గుప్తోష్ణాన్ని వివరించిన ఆచార్య జోసెఫ్ బ్లాక్ తరగతీ ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వారిద్దరూ మిత్రులు కూడా. కళాశాల కమిటీ పెద్దలు భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక చిన్న లేతునూ, ఒక జత పోత ముక్కలనూ సమకూర్చే విషయం ఆలోచించవలసిందని నా మనవి. ఇంత చిన్న ఇంజను ఒత్తిన గాలితోనే నడుస్తుంది, బాయిలరు అక్కరలేదు.

అక్కరలేదని ఊరికే అనలేదు. బాయిలరు వేరే విషయం. చదరపు అంగుళానికి 80 పౌన్ల పీడనం వద్ద లోపలి నీరు సుమారు 162 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని మరగదు. పాత్ర పగిలిందంటే ఆ నీటిలో కొంత క్షణంలో ఆవిరై, వందల రెట్లుగా పెరుగుతుంది. పాల డబ్బాకు మాటువేసి నిప్పుమీద పెట్టే సాహసం ఎవరూ చేయరాదు. సరియైన పద్ధతిలో రాగి రేకును ఎర్రగా కాల్చి మెత్తబరచి, అచ్చు మీద అంచులు మలిచి, అతుకులన్నీ వెండి కలిసిన మాటుతో వేస్తారు. ఆ మాటు కరగాలంటే 600 డిగ్రీలు దాటాలి. మామూలు తగరపు మాటు 200 డిగ్రీల చుట్టుపట్లనే కరిగిపోతుంది గనుక పీడనం మోసే అతుకులకు పనికిరాదు. చదునైన పలకలు ఉబ్బిపోకుండా లోపల అడ్డకడ్డీలు బిగిస్తారు.

తరువాత పరీక్ష. బాయిలరును చన్నీటితో నిండా నింపి, గాలి బుడగ లేకుండా చేసి, చేతిపంపుతో పని చేసే పీడనానికి రెండింతలు ఎక్కిస్తారు. నీటితోనే ఎందుకు? నీరు దాదాపు అణగదు గనుక తనలో శక్తిని దాచుకోదు. అతుకు విడితే నీరు కారి పీడనం పడిపోతుంది, అంతే. గాలితోనో ఆవిరితోనో అదే పరీక్ష చేస్తే అది పరీక్ష కాదు, బాంబు. బ్రిటనులోని సంఘాలలో ఈ పరీక్షను చేసినవాడు కాక వేరొకరు నిలబడి చూసి పత్రం ఇస్తారు. పత్రం లేని యంత్రాన్ని జనం మధ్య నడపనివ్వరు. ప్రాణం మీది మమకారంతో పెట్టుకొన్న ఈ కట్టుబాటు నాకు చాలా నచ్చింది.

ట్రాక్షన్ ఇంజనులో బాయిలరే బండికి వెన్నెముక. సిలిండరు దాని వీపు మీద, క్రాంకు కడ్డీ నిప్పుపెట్టె ప్రక్క పలకల మీద, వెనుక చక్రాలు వాటికే. కనుక బాయిలరు అర మిల్లీమీటరు వంకరగా ఉంటే పళ్లచక్రాలన్నీ అరుస్తాయి. ఎల్.సి. మేసన్ రూపొందించిన ‘మిన్నీ’ అనే అడుగుకు అంగుళం కొలత గల ఇంజనును చాలామంది మొదటి ట్రాక్షన్ ఇంజనుగా ఎన్నుకుంటారు. ఇంకా పెద్ద కొలతలవి చేసేవారున్నారు. అడుగుకు మూడంగుళాలైతే పది టన్నుల అసలుకు నూటయాభై కిలోలు దాటిన నమూనా వస్తుంది. దానిని గది నుండి బయటకు ఎలా తేవాలన్నది ముందే ఆలోచించుకోవాలి!

ఇంత శ్రమ తరువాత మొదటి ఆవిరి రోజున కూడా తొందర పనికిరాదు. నిప్పు అందుకొని, పీడనం చూపే ముల్లు మెల్లగా లేచిన పిదప కవాటం తెరిస్తే ఆవిరి చల్లని సిలిండరులోకి పోయి వెంటనే నీరవుతుంది. వాట్ నమూనాలో జరిగినది ఇదే. నీరు అణగదు గనుక పిస్టనుకూ మూతకూ మధ్య చిక్కితే ఏదో ఒకటి విరగాలి. అందువల్ల సిలిండరు అడుగున ఉన్న చిన్న కుళాయిలను తెరచి ఉంచి, ఫ్లైవీలును చేతితో ముందుకూ వెనుకకూ కదుపుతారు. మొదట వేడినీళ్లు చిమ్ముతాయి. కొంతసేపటికి నీళ్లు తెల్లని తుంపరగా మారతాయి. సిలిండరు మీద చేయి వేయలేనంత వేడెక్కిన తరువాత కుళాయి నోటి దగ్గర ఏమీ లేనట్లు కనిపించే ఖాళీ ఒకటి ఏర్పడుతుంది. అప్పుడు కుళాయిలు మూసి, చక్రాన్ని మరొక్కసారి కదిపితే చాలు, అది చేతిలోనుండి తప్పించుకొని తనంత తాను తిరుగుతుంది.