జీర్ణాశయ శోథము – కణముల సందేశములు

కడుపులో మంట, పుల్లని త్రేనుపులు, నాలుగు మెతుకులు తినగానే బరువు – ఇవి మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాటలే. కారము తగ్గించుమనియు, దిగులు మానుమనియు ఇరుగుపొరుగువారు సలహా చెప్పుదురు. వైద్యులును చాలకాలము ఇంచుమించు ఇట్లే తలచిరి. జీర్ణాశయములో ఊరు హైడ్రోక్లోరికామ్లము మిగుల తీవ్రమైనది గనుక అందు ఏ సూక్ష్మజీవియు కాపురముండజాలదని వారి నమ్మకము.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను వైద్యుడు 1979లో, వాచిన జీర్ణాశయపు పొరపై మెలిదిరిగిన బాక్టీరియాలను గమనించెను. 1982లో బారీ మార్షల్‌తో కలిసి వానిని ప్రయోగశాలలో పెంచగలిగెను. పలువురు నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ బాక్టీరియాలు గల ద్రవమును తానే త్రాగెను. కొలది దినములలో వాంతులు పట్టుకొనెను. పదవనాడు పరీక్షింపగా, అంతకుముందు ఆరోగ్యముగా నున్న పొర వాచియుండెను. ఆ సూక్ష్మజీవియే హెలికోబాక్టర్ పైలోరీ. ఈ పరిశోధనకు వారిరువురకు 2005లో నోబెల్ బహుమానము లభించినది.

ఇది ఆమ్లములో ఎట్లు బ్రదుకును? దీనియందు యూరియేజ్ అను ఎన్‌జైము కలదు. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించును. అమ్మోనియా క్షారము, చుట్టునున్న ఆమ్లమును విరిచివేయును. ఆ చాటున సూక్ష్మజీవి జిగురుపొరలోనికి తొలుచుకొనిపోయి క్రింది కణముల నంటుకొనును.

ఆ కణములు ఊరకుండవు. పొలములో దొంగపడినపుడు మంచెమీది కాపరి కేక వేసినట్లు, అవి ఇంటర్‌ల్యూకిన్-8 అను చిన్న ప్రోటీనును వెలువరించును. ఇట్టి సందేశ ప్రోటీనులకు సైటోకైనులని పేరు. ఆ కేక విని రక్తనాళములనుండి న్యూట్రోఫిలులను తెల్లకణములు గుంపులుగా వచ్చి, శత్రువుపై తీవ్రమైన రసాయనములను చిమ్మును. కాని సూక్ష్మజీవులలో చాలభాగము జిగురులో దాగి తప్పించుకొనును. దెబ్బ మన పొరకే తగులును. దొంగ దొరకలేదు, పైరు మాత్రము త్రొక్కుడుపడెను! ఇదియే శోథము.

టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అను మరి రెండు సైటోకైనులు ఈ మంటను ఎగద్రోయును, ఇంటర్‌ల్యూకిన్-10 చల్లార్చును. వీనిలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఆమ్లము ఊరుటను గూడ తగ్గించును. శోథము జీర్ణాశయపు దిగువభాగముననే యున్నచో సాధారణముగా ఆమ్లము హెచ్చి చిన్నప్రేగు మొదటిభాగములో పుండు పడవచ్చును. నడిమిభాగమునకు ప్రాకినచో ఆమ్లము తగ్గి, గ్రంథులు క్షీణించి, ఏండ్లు గడచినపిదప కొలదిమందిలో కాన్సరు పుట్టవచ్చును. అందుచేతనే 1994లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ దీనిని కాన్సరు కారకముగా ప్రకటించినది. అయినను, ఈ సూక్ష్మజీవి గలవారిలో పెక్కుమందికి ఏ బాధయు తోచదు.

కడుపుమంట లన్నియు దీనివలననే కలుగవు. ఆస్పిరిన్ వంటి నొప్పి మందులును పొరను చెరచును. కారణ మేదియో ఊపిరి పరీక్షవలననో, మల పరీక్షవలననో, జీర్ణాశయమును గొట్టముతో చూచుటవలననో తెలియును. సూక్ష్మజీవి యున్నదని తేలినచో ఆమ్లమును తగ్గించు మందుతోపాటు రెండు మూడు మందులను సాధారణముగా 14 దినములు వాడవలెను. మంట తగ్గినదని నడుమ మానినచో, మందులకు లొంగని బాక్టీరియాలే మిగిలి మరల పెరుగును. కాపరి కేక నిజముగా ఆగవలెనన్న, దొంగ పొలము విడిచిపోవలెను గదా!